జానెడు మేరలో నలభై రెండు నెమళ్ళు

ధర్మవరంలో అంజనప్ప మగ్గం మీద, పోయిన ఏడు దీపావళి దాటిన గురువారం నాడు, జానెడు మేరలో నలభై రెండు నెమళ్ళు వచ్చాయి. రావలసినవి ఆరు.

ఒక వరసలో ఆరు నెమళ్ళు వచ్చి, ఆపైన ఎనిమిది అంగుళాలు ఖాళీ పట్టు నడిచి, మళ్ళీ ఆరు నెమళ్ళు రావాలన్నది ఏర్పాటు. అవి మాత్రం ఏడు వరసలుగా, టికెట్ల కోసం నిలబడిన జనంలా, ఒకదాన్నొకటి ఆనుకుని వచ్చాయి. అంజనప్ప నలభై ఏళ్ళుగా నేస్తున్న మనిషి. రెండో వరసకే ఆయనకు అనుమానం వచ్చింది. అయినా ఆపలేదు. డిజైను చేసిచ్చిన అన్న కూతురు పుష్పావతి, పెన్‌డ్రైవు చేతిలో పెడుతూ, "నువ్వు మధ్యలో చెయ్యి పెట్టొద్దు చిన్నాయనా, అంతా అదే చూసుకుంటాది" అని గట్టిగా చెప్పి వెళ్ళింది. ఆయన చెయ్యి పెట్టలేదు. సాయంత్రం దాకా నేసి, మగ్గం దిగి, నెమళ్ళను రెండుసార్లు లెక్కపెట్టి, ఫోన్ చేశాడు.

"అమ్మీ, నెమళ్ళు వస్తాండాయి."

"వస్తాయి కదా చిన్నాయనా."

"శానా వస్తాండాయి."

పుష్పావతి నాకు సహోద్యోగి. హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె కంప్యూటర్లు చెబుతుంది, నేను తెలుగు చెబుతాను. ఇద్దరిదీ పెనుకొండే కాబట్టి పొద్దున ఒకే రైలు, సాయంత్రం ఒకే రైలు. ఆమెకు నలభై ఏడేళ్ళు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని కళ్ళజోడు కోసం వెతికే అలవాటు ఒక్కటి తప్పిస్తే, నేను చూసినవాళ్ళలో అంత పద్ధతైన మనిషి లేదు.

ఆ పద్ధతి నాకు మొదటి నెలలోనే తెలిసొచ్చింది. స్టాఫ్ రూములో మధ్యాహ్నం నా క్యారియరు అనుకుని ఒకటి విప్పి, ఉగ్గాని, బజ్జీ చూసి, మా ఇంట్లో నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని ఆశ్చర్యపోతూ సగం తిన్నాను. ఆమె వచ్చి నా ఎదుట కూర్చుంది. నేను తినడం ఆపాక మూత తిరగేసి చూపించింది. దాని మీద చుక్కలు చుక్కలుగా "శ. పుష్పావతి, ధర్మవరం" అని కొట్టి ఉంది.

"పెండ్లికి మా పిన్నమ్మ ఇచ్చింది సార్. తీసుకునేముందు పేరు చూసుకోవాల," అంది. ఆ తర్వాత నా క్యారియరు విప్పి, అందులో ఉన్న చల్లబడిన ఉప్మాను కాసేపు చూసి, మూత పెట్టేసింది.

ఆ ధర్మవరం "శ" అంటే శంకరప్ప, ఆమె నాయన. ఆయన నేతగాడు కాదు, నేతగాళ్ళకు బొమ్మలు గీసిచ్చే మనిషి. చిన్న చిన్న గళ్ళున్న కాగితం పరుచుకుని, ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్కన, ఎర్ర పెన్సిలుతో హంసలనూ మామిడి పిందెలనూ నింపేవాడు. గళ్ళు నింపడంలో పుష్పావతి ఆయనకు ఏడేళ్ళ వయసులోనే సాయం చేసింది. ఆయన గీసినవాటిలో వెనక్కి తిరిగి చూసే నెమలి ఒకటి ఆ వీధిలో పేరు పడింది. అది ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుందని కొనేవాళ్ళు మెచ్చుకునేవారు. అసలు సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు. మెడకు గళ్ళు చాలక ఆయన దాన్ని వెనక్కి తిప్పాడు.

పెళ్ళై పెనుకొండకు వచ్చాక పుష్పావతి ముట్టుకున్న మొదటి కంప్యూటరు, భర్త ప్రసాద్ బస్టాండు పక్కన పెట్టిన జెరాక్స్ అంగట్లోది. మధ్యాహ్నాలు బేరాలుండవు. ఆ ఖాళీలో అర్జీలు టైపు చేయడం నేర్చుకుని, తర్వాత దూరవిద్యలో చదువుకుని, ముప్పై ఆరో ఏట మా కాలేజీలో చేరింది. స్క్రీను మీద బొమ్మను బాగా పెద్దది చేసి చూస్తే గళ్ళు కనిపిస్తాయట. "ఇది మా నాయన కాగితమే కదా అనిపించింది సార్" అని ఒకసారి రైల్లో చెప్పింది.

ఆమె పాఠం చెప్పే తీరు నాకు బాగా తెలుసు. మా రెండు గదుల మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క. ఒక జూన్ నెలలో నేను ఇటువైపు ఛందస్సు చెబుతుంటే అటునుంచి ఆమె గొంతు వినిపించింది.

"యమునా, నీకిప్పుడు కత్తెర కావాల. యాడ ఎదుకుతావు?"

"నా సంచీలో మేడం."

"ల్యాకపోతే?"

"నా గదిలో."

"ఆడా ల్యాకపోతే?"

నా క్లాసులో మూడో బెంచీ నుంచి ఒకమ్మాయి, "ఇంట్లో అందర్నీ అడుగుతా మేడం," అని గట్టిగా జవాబు చెప్పింది. గణవిభజనను బోర్డు మీదే వదిలేసి నేనూ కుర్చీలో కూర్చున్నాను.

"మంచిది. ఆ పక్క గదిలో ఎవరో గాని బాగా చెప్పినారు. ఇంట్లో కూడా ల్యాకపోతే?"

"అంగడికి పోతాం మేడం," అన్నారు రెండు గదులూ కలిసి.

ప్రోగ్రాములో ఒక పేరు కనబడితే కంప్యూటరూ అట్లాగే వెతుకుతుందని చెప్పింది. ముందు ఆ చిన్న పని లోపల, తర్వాత దాన్ని చుట్టుకుని ఉన్న పనిలో, ఆపైన మొత్తం ఫైల్లో, చివరికి భాష తనంతట తాను ఇచ్చే సరుకులో. ఎక్కడ ముందు దొరికితే అదే తీసుకుంటుంది. "అయితే ఒకటి. లోపలున్నోళ్ళు బయటికి చూడొచ్చు. బయటోళ్ళు లోపలికి చూడల్యారు. నీ సంచీలో కత్తెర ఉండాదని అంగడాయనకు తెలీదు. తెలియాల్సిన పనీ ల్యా."

ఆ మర్నాటి పాఠం, ఒక ఫైల్లోవి ఇంకో ఫైలుకు తెచ్చుకోవడం గురించి. ఫైలు పేరు చెప్పి, చుక్క పెట్టి, వస్తువు పేరు చెప్పమంది. నక్షత్రం గుర్తు వేసి ఉన్నవన్నీ ఒకేసారి కుమ్మరించుకోవద్దంది. దీన్ని ఆమె ఏటా చెబుతుంది. పరీక్షలో ఏటా అడుగుతుంది. తప్పు రాసినవాళ్ళకు ఏటా మార్కులు తీసేస్తుంది.

ఇక నెమళ్ళ సంగతి.

అంజనప్పకు అరవై నిండబోతున్నాయి. ఆ కార్తీకం ఆఖర్లో షష్టిపూర్తి. ఆ రోజు భార్య పాపమ్మ కట్టుకునే చీర తన మగ్గం మీదే నేయాలనీ, దాని మీద చనిపోయిన అన్న గీసిన నెమలే ఉండాలనీ ఆయనకు కోరిక. మగ్గం నెత్తిన కూర్చుని ఏ పోగు లేవాలో చెప్పే యంత్రాన్ని జకార్డు అంటారు. చాలా ఇళ్ళలో అది ఇప్పుడు పెన్‌డ్రైవు మాట వింటుంది. అంజనప్ప ఇంట్లో మాత్రం ఇంకా చిల్లులు కొట్టిన అట్టల మాటే వినేది. నాయన నెమలిని కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తానని, కొత్త జకార్డు పెట్టించమని పుష్పావతి రెండేళ్ళు వెంటపడింది. చివరికి ఆయన ఒప్పుకుని పెట్టించిన తర్వాత దాని మీద మొదలైన మొదటి చీర ఇదే.

గురువారం ఫోన్లో ఆయన కోప్పడలేదు. ఆమెకు అదే ఎక్కువ భయం వేసిందట.

"సోమవారం పొద్దున మళ్ళీ మగ్గంలో కూసుంటా. అప్పటికి నీ పెట్టె సరిగ్గా ఉంటే సరి. ల్యాకుంటే అది ఇప్పేసి అట్టలే కట్టుకుంటా. అట్టలు కట్టేదానికే నాలుగు దినాలు పడతాది, మీ పిన్నమ్మ చీర అందదు. పాత చీర కట్టుకుంటాది లే."

శుక్రవారం రైల్లో ఆమె ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని, చీర ఒళ్ళు ఒక ఫైలు, కొంగు ఒక ఫైలు, రెంటినీ కలిపి నెమళ్ళను వరసలుగా పేర్చే పెద్ద ఫైలు ఒకటి అని నాకు చూపించింది. నేను ఆలోచించి, ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడమన్నాను. ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"ఒళ్ళు ఒక్కటే నడిపితే సరిగ్గా వస్తాండాది సార్. కొంగు ఒక్కటే నడిపినా సరిగ్గానే వస్తాండాది. ఇద్దరూ మంచోళ్ళే. కలిస్తేనే కొట్లాడుకుంటాండారు."

"ఇచ్చేముందు మొత్తం చూసుకోలేదా?"

"కొంగు చూసుకున్యా. నాయన నెమలి మెడ సరిగ్గా తిరిగిందా ల్యాదా అని దాన్నే చూసుకుంటా కూసున్యా. ఒళ్ళు సూడలే."

శనివారం ప్రసాద్ తనకు తెలిసిన సాయం చేశాడు. మొత్తం ప్రోగ్రామును పద్నాలుగు కాగితాల మీద అచ్చువేసి, వంటింటి గోడకు అంటించాడు. పప్పు ఉడుకుతుంటే ఆమె గరిటె పట్టుకుని ఒక్కో పంక్తీ చదివింది. ఒక్క పంక్తిలోనూ తప్పు లేదు. పప్పు అడుగంటింది. అది తిని ప్రసాద్, "పదకొండో పేజీ ఇంకు సరిగ్గా పడలేదు, మళ్ళీ వేసేదా?" అని అడిగాడట. పాపం, ఆయన చేయగలిగింది అదే.

ఆదివారం పొద్దున ఆమె ధర్మవరం వెళ్ళింది. తప్పు దొరకలేదు. చిన్నాయన ముఖం చూసి ఆ మాట చెప్పాలి కాబట్టి వెళ్ళింది.

ఆయన ఇంట్లో లేడు. వాకిట్లో పాపమ్మ ఇంటెడు స్టీలు సామాను ముందు వేసుకుని కూర్చుని ఉంది. ముందురోజు ఎదురింటి లక్ష్మీప్రియ బిడ్డకు నామకరణం జరిగింది. వీధిలో వాళ్ళంతా గిన్నెలూ గంగాళాలూ ఇచ్చారు. వంటలయ్యాక తోమినవన్నీ పాపమ్మ వాకిట్లోకి వచ్చాయి. ఎవరివి వాళ్ళకు చేర్చే పని ఆ వీధిలో ఎప్పుడూ ఆమెదే.

"వచ్చినావా అమ్మీ. ముఖం ఏంది అట్ల ఉండాది? చేతులు కడుక్కొని రా, మన పెద్ద గిన్నె ఇట్లందుకో. అన్నం వార్చల్ల."

పుష్పావతి చేతికి దొరికిన పెద్ద గిన్నె తెచ్చి ఇచ్చింది. పాపమ్మ దాన్ని చూడగానే వెనక్కి ఇచ్చేసింది.

"ఇది రోజా వాళ్ళది. ఇది పొయ్యి మీద పెడితే మన బియ్యం అడుగున యాడో ఉంటాయి."

ఇంకొకటి తెచ్చింది.

"ఇది రామచంద్ర వాళ్ళది. ఏందమ్మీ నువ్వు, అంత సదువుకొని. వీధిలో అందరికీ పెద్ద గిన్నె ఉంటాది. పెద్ద గిన్నె అంటే ఎవురి పెద్ద గిన్నె అని సూడొద్దా? ఇంతింత పేర్లు ఏంటికి కొట్టిచ్చేది?"

పుష్పావతి ఆ గిన్నెను తిరగేసి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అడుగున చుక్కల అక్షరాలు ఉన్నాయి. ఎంతసేపటికీ ఆమె కదలకపోయేసరికి పాపమ్మకు మనసు కష్టమైంది. బిడ్డను నలుగురిలో అంతమాట అన్నానే అనుకుంది. నలుగురంటే అక్కడ గిన్నెలు తప్ప ఎవరూ లేరు.

"నేనేమంటినని అట్ల నిలబడినావు? పోనీలే, నేనే తెచ్చుకుంటా."

"ఉండు పిన్నమ్మా," అని పుష్పావతి గంగాళాల మధ్యే చతికిలబడి సంచీలోంచి ల్యాప్‌టాపు తీసింది.

ఒళ్ళు ఫైల్లో, ఒక వరస నెమళ్ళకూ ఇంకో వరసకూ మధ్య వదలాల్సిన ఖాళీకి ఆమె "గ్యాప్" అని పేరు పెట్టింది. అది ఎనిమిది అంగుళాలు. కొంగులో నెమళ్ళు ఒత్తుగా ఉండాలి. అక్కడి ఖాళీ పావు అంగుళం. దాని పేరూ "గ్యాప్" అనే పెట్టింది. అందులో తప్పేమీ లేదు, ఎవరింట్లో గిన్నె వాళ్ళది. కానీ పెద్ద ఫైలు రాసింది ఒక ఆదివారం, పొయ్యి మీద అన్నం ఉండగా. ఒక్కోసారీ ఒళ్ళు చుక్క గ్యాప్, కొంగు చుక్క గ్యాప్ అని రాయడం ఎందుకని, నక్షత్రం గుర్తు వేసి ముందు ఒళ్ళులోవన్నీ, తర్వాత కొంగులోవన్నీ అందులో కుమ్మరించింది. ఇంటిపేర్లన్నీ అరిగిపోయి అందరి గిన్నెలూ ఒకే వంటింట్లోకి వచ్చినట్టయింది. గ్యాప్ అనే పేరుకు అక్కడ ఉన్నది ఒకే మేకు. ముందు తగిలించిన ఎనిమిది అంగుళాలు కిందికి దిగింది, వెనక వచ్చిన పావు అంగుళం ఎక్కి కూర్చుంది. కంప్యూటరు దీన్ని తప్పు అనుకోదు. చివర ఎవరు తగిలిస్తే వాళ్ళదే గిన్నె. అది ఒక్క మాటైనా అనకుండా, అడిగిన ప్రతిచోటా పావు అంగుళమే ఇస్తూ పోయింది.

అంజనప్ప తిరిగి వచ్చేసరికి ఆమె రెండు నక్షత్రాలు తీసేసి, గ్యాప్ ఉన్న ప్రతిచోటా ముందు ఇంటిపేరూ చుక్కా పెట్టి, ఈసారి మొత్తం చీరను అంగుళం అంగుళం చూసుకుంటూ ఉంది.

"దొరికిందా?" అన్నాడాయన నిలబడే.

"దొరికింది చిన్నాయనా. రెండు గిన్నెలుంటే పేరు చెప్పకుండా పిలిచినా."

"ఎవురి గిన్నెలు?"

ఆమె మొదటినుంచీ చెప్పింది. ఆయన అంతా విని, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"కాలేజీలో నువ్వు చెప్పేది ఏం పాఠమమ్మీ?"

"ఇదే చిన్నాయనా."

"ఇదేనా?"

"ఏటా జూన్‌లో చెప్తా."

అంజనప్ప నవ్వలేదు. లోపలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి చాలాసేపు మంచినీళ్ళు తాగాడు. భుజాలు కదలడం మాత్రం వాకిట్లోకి కనబడింది.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. అప్పటికే నేసిన జానెడు సంగతి. దాన్ని విప్పేయమని పుష్పావతి బతిమాలింది. జరీ విప్పితే కింది పోగులు తెగుతాయని ఆయన అన్నాడు. కత్తిరించి కొత్తగా మొదలుపెట్టమంది. అట్లా చేస్తే మళ్ళీ పోగులన్నీ ముడివేసుకోవాలి, రోజులు చాలవు అన్నాడు. ఆమె కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాయన నెమలి చిన్నాయనా. మొదటి చీరే ఇట్లా చేస్తి."

అంజనప్ప మగ్గం మీది గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. "ఇది లోపలి కొస అమ్మీ. మొదలు యాడనుంచి నేస్తాం? నడుములో దోపుకునే కాడ్నుంచి. మీ పిన్నమ్మ చీర కట్టినాక ఇది యాడుండేదీ ఎవురికీ కనపడదు. ఇట్లే ఉండనీ. రేపు ఎనిమిది అంగుళాలు వస్తే సాలు."

సోమవారం ఆమె ఫోను బల్ల మీద పెట్టుకుని పాఠం చెప్పింది. ఫోను మోగితే క్లాసులోనే ఎత్తడం పదకొండేళ్ళలో అదే మొదలు. పదిన్నరకు మోగింది.

"ఒక వరస వచ్చింది అమ్మీ. ఆరు."

"ఆ తర్వాత?"

"ఏమీ రాలే."

"ఏమీ రాలేదా?"

"ఏమీ రాలే. ఖాళీ వస్తాండాది."

చెక్కకు ఇటువైపు నా క్లాసు మొత్తం నిశ్శబ్దంగా వింటోంది. నేనూ వింటున్నాను. పన్నెండుకు మళ్ళీ మోగింది. ఇంకా ఖాళీయే. ఒంటిగంటకు స్టాఫ్ రూములో మోగింది. ఖాళీయే. ఆమె క్యారియరు విప్పకుండానే పక్కకు పెట్టింది. ఈసారి నేను మూత మీద పేరు చూసుకునే దూరంగా కూర్చున్నాను. మూడు గంటలకు ఫోను ఎత్తి, విని, పెట్టేసింది.

"ఎనిమిది అంగుళాలైనాక ఆరు నెమళ్ళు వచ్చినాయంట సార్," అంది. అని క్యారియరు విప్పి, సగం ఉగ్గాని నా మూతలో పెట్టింది.

షష్టిపూర్తికి నన్నూ పిలిచారు. చీర ముందురోజు సాయంత్రం మగ్గం దిగింది. వెనక్కి తిరిగి చూసే నెమళ్ళు పాపమ్మ ఒంటి మీద ఎడం ఎడంగా, కొంగు మీద ఒత్తుగా, ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆడవాళ్ళు కొంగు పట్టుకుని చూసి, శంకరప్ప నెమలి అని గుర్తుపట్టారు. కొత్త జకార్డు మీద ఇంకో చీర ఎప్పుడు మొదలవుతుందని అంజనప్పను అడిగితే, "మా అమ్మాయిని అడగండప్పా, నేను మధ్యలో చెయ్యి పెట్టను," అన్నాడు.

భోజనాలయ్యాక పాపమ్మ మళ్ళీ గిన్నెల ముందు కూర్చుంది. పుష్పావతి పక్కన కూర్చుని ఒక్కోటీ తిరగేసి పేరు చదివి అందిస్తోంది. నేను తాంబూలం తీసుకుని బయలుదేరబోతూ అక్కడ నిలబడ్డాను. పాపమ్మ గొంతు తగ్గించింది గాని, ఆమె తగ్గించిన గొంతు ఎదురింటికి వినబడుతుంది.

"అందరూ ఈ కొంగే సూసిరి అమ్మీ. నాకు ఆ లోపలి జానెడే బాగుండాది, నలభై రెండూ ఒక్కచోట కూడుకొని మన ఇల్లు మాదిరి. అంత మంచిదాన్ని నడుములో దోపించేస్తివి, ఒక్కురికైనా సూపించుకోల్యాకపోతి."

పుష్పావతి చేతిలోని గిన్నె తిరగేసి, పేరు చదివి, పాపమ్మ వైపు ఉన్న వరసలో పెట్టింది.

"అది నీ ఒక్కదానికే పిన్నమ్మా, బయటోళ్ళకు కాదు."